జనం ముందు తేలిన పాట

1978 నాటికి లండన్‌లో పంక్ సంగీతం మంచి ఊపు మీదుంది. మూడు గిటార్ కార్డ్‌లు, మూడు నిమిషాలు, పాట అయిపోవాలి. ప్రోగ్రెసివ్ రాక్ మీద ఈ పంక్ కుర్రాళ్ల అభియోగం గట్టిదే. స్టూడియోలో నెలల తరబడి చెక్కే ఈ సంగీతానికి జనంతో పని లేదన్నారు. సరిగ్గా ఆ ఏడాది సెప్టెంబరులో ప్రోగ్రెసివ్ రాక్ బృందం జెథ్రో టల్ 'బర్‌స్టింగ్ అవుట్' అనే జంట రికార్డుల లైవ్ ఆల్బమ్ తెచ్చింది. ఆ అభియోగానికి ఇంతకన్నా మంచి జవాబు నేను వినలేదు.

జెథ్రో టల్ అనేది 18వ శతాబ్దపు ఇంగ్లిష్ వ్యవసాయ నిపుణుడి పేరు. విత్తనాలను సాళ్లలో వేసే యంత్రంతో పేరు తెచ్చుకున్నాడు. 1968లో ఆ పేరు బృందానికి పెట్టింది బుకింగ్ ఏజెంటు ఆఫీసువాళ్లే. పల్లె మాత్రం పాటల నిండా పరుచుకున్నది 1977లో 'సాంగ్స్ ఫ్రమ్ ది వుడ్'తో, మరుసటి ఏడాది 'హెవీ హార్సెస్'తో. ట్రాక్టర్లు వచ్చాక పని పోయిన దుక్కి గుర్రాల మీద కట్టిన పాటే రెండో ఆల్బమ్‌కు పేరైంది. ఆ వేసవి యూరప్ పర్యటనలో రికార్డు చేసినవే 'బర్‌స్టింగ్ అవుట్' పాటలు. మాంట్రో జాజ్ ఉత్సవాన్ని స్థాపించిన క్లాడ్ నాబ్స్ బృందాన్ని పరిచయం చేస్తుండగా ఆల్బమ్ మొదలవుతుంది.

'జాక్ ఇన్ ది గ్రీన్' వినండి. మే నెల పండుగలో ఆకులు కప్పుకుని ఊరేగే వేషం మీద పాట అది. స్టూడియోలో బృంద నాయకుడు ఇయాన్ ఆండర్సన్ వాయిద్యాలన్నీ తానొక్కడే వాయించుకున్నాడు. చక్కగానే ఉంటుంది, ఒక మనిషి తనలో తాను పాడుకున్నట్టు. వేదిక మీద అదే పాట బృందం చేతిలో పడేసరికి ఒంటరితనం పోయి పండుగ వచ్చింది. జానపదం రాక్‌కు పూసిన రంగు కాదని నాకు రుజువైంది ఇక్కడే.

ఫ్లూట్ సోలో దగ్గర ఇంకాస్త ఆగాలి. ఆండర్సన్ ఫ్లూట్ సొంతంగా నేర్చుకున్నవాడు. ఊదుతూనే గొంతుతో కూడా పలికించే పద్ధతి జాజ్ కళాకారుడు రోలాండ్ కిర్క్ నుంచి వచ్చింది. ఆ మోటు శబ్దంతో ఇష్టమొచ్చినట్టు తిరిగి తిరిగి, ఒక పాత ఇంగ్లిష్ క్రిస్మస్ పాటలోకి దిగి, అక్కడి నుంచి పాశ్చాత్య శాస్త్రీయ స్వరకర్త బాఖ్ రచన 'బూరే'లోకి వెళ్తాడు. ఎక్కడా అతుకు కనపడదు. జనానికి పుట్టినప్పటి నుంచీ తెలిసిన వరుస ఒకటి మధ్యలో ఉంది కాబట్టే అటూ ఇటూ అంత స్వేచ్ఛ దొరికింది.

'థిక్ యాజ్ ఎ బ్రిక్' 1972లో రికార్డు రెండు వైపులా నిండిన ఒకే పాట, నలభై నిమిషాలకు పైనే. ఇక్కడ పన్నెండు నిమిషాలు. రాత్రంతా చెప్పాల్సిన కథను జనాన్ని చూసి కుదించే బుర్రకథ దళానికి తెలిసిన విద్యే ఇది. ఏది ఉంచాలో, ఏది వదలాలో తెలిస్తేనే కథ చెడకుండా నిలుస్తుంది. ఇక్కడ నిలిచింది.

అన్నీ ఇదే స్థాయిలో లేవు. 'కనండ్రమ్'లో డ్రమ్స్ సోలో సాగింది. అయినా దాన్ని తీసేయడం తప్పే. 1990లో అమెరికా సీడీకి, ఒకే డిస్కులో సరిపెట్టడానికి, 'కనండ్రమ్', 'క్వాట్రెయిన్', 'స్వీట్ డ్రీమ్' మూడింటినీ కోసేశారు. మొదటి రెండూ అప్పటి స్టూడియో ఆల్బమ్‌లలో ఎక్కడా లేని వాద్య రచనలు. కచేరీ అంటే ఎత్తు, పల్లం, అలుపు, మళ్లీ లేవడం. పల్లాలు తీసేస్తే మిగిలేది పాటల మూట.

ఈ ఆల్బమ్‌కు స్టీవెన్ విల్సన్ కొత్తగా మిక్స్ చేసిన కూర్పు 2024లో వచ్చింది. వినేవాళ్లు నాబ్స్ పరిచయం నుంచి వరుసగా, దాటవేయకుండా, గంటన్నర కేటాయించి వినండి. ఆ బృందం తర్వాత ఎంతో కాలం నిలవలేదు. ఇందులో బేస్ గిటార్ వాయించిన జాన్ గ్లాస్కాక్ 1979 నవంబరులో, 28 ఏళ్లకే, గుండె జబ్బుతో పోయాడు. మరుసటి ఏడాదికల్లా బారిమోర్ బార్లో, జాన్ ఎవాన్, డీ పామర్ కూడా బృందంలో లేరు. వాళ్లంతా కలిసి ఉన్న రోజుల్లో వెలువడిన లైవ్ ఆల్బమ్ ఇదొక్కటే.