రంగు కింద మక్కు

సంక్రాంతి కొలువు కోసం అటక మీది ట్రంకుపెట్టె దించితే మా ఇంట్లో ఏటా ఒక పంచాయితీ. ఈసారి గొడవ ఏనుగు అంబారీది. మాకు రెండున్నాయి. ఒకటి మా పెద్దమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో కొన్నది. రంగు వెలిసిందేగానీ తొండం దగ్గర్నుంచి తోక దాకా ఎక్కడా పెచ్చు లేవలేదు. రెండోది నాలుగేళ్ల కిందట బెజవాడలో ఒక షాపులో గట్టిగా బేరమాడి నేను తెచ్చింది. దాని మెడ చుట్టూ చీలిక. వేలు తగిలితే చాలు, రంగు బిళ్లలు బిళ్లలుగా ఊడొస్తోంది.

‘‘రంగు మంచిది కాదు’’ అన్నాను.

‘‘రంగేం చేసిందిరా పాపం? కింద పని సరిగ్గా లేదు’’ అంది పెద్దమ్మ.

ఆ కింద పని గురించే ఈ వారం. ఇబ్రహీంపట్నం దాటి కొండపల్లి వెళ్తే ఖిల్లా కొండ కింద బొమ్మల కాలనీ ఉంది. అక్కడి బొమ్మకి కర్ర తెల్ల పొణికి. చేత్తో పట్టుకుంటే బరువే తెలీదు. మెత్తగా ఉంటుంది కాబట్టి ఉలికి సులువుగా లొంగుతుంది. కానీ నీళ్లు బాగా పీలుస్తుంది. అందుకే ముందు ఆరబెట్టాలి, సన్నని సెగ మీద వెచ్చజేసి లోపలి చెమ్మ పోగొట్టాలి. చెమ్మ ఉండగానే బొమ్మ చేస్తే ఆ తర్వాత కర్ర ఎండి ముడుచుకుంటుంది. పైన అతికిందేమో ముడుచుకోదు. ఇక చీలక ఏం చేస్తుంది?

ఏనుగుని ఒక్క దుంగలోంచి చెక్కరు. ఒళ్లు వేరు, తొండం వేరు, చెవులు వేరు, అంబారీ వేరు. వీటన్నిటినీ కలిపేది మక్కు. చింతపిక్కల పొడి, రంపపు పొట్టు కలిపి చేసే ముద్ద అది. మనం పారేసే చింతపిక్కలో అంత జిగురుంది మరి! అతుకు వెయ్యడమూ, సందులు పూడ్చడమూ, బుగ్గలూ నగలూ తీర్చిదిద్దడమూ అన్నీ దాంతోనే. ఆరాక ఆకురాయితో అరగదీసి నునుపు చేస్తారు. దాని మీద సున్నపు పూత. ఆ తెల్లపూత లేకపోతే కర్ర రంగుని తాగేస్తుంది, ఎన్నిసార్లు వేసినా మచ్చలు మచ్చలుగానే ఉంటుంది. మేకవెంట్రుకల కుంచెతో రంగు వేసేది ఇదంతా అయ్యాకే. మన కంటికి కనిపించేది మాత్రం ఆ చివరి పనే.

ఇటలీలో పాతకాలపు చిత్రకారులూ చెక్కపలక మీద బొమ్మ వేసే ముందు జిప్సమ్ పొడిని జంతువుల తోలు జిగురుతో కలిపి పూత మీద పూత పూసి, గీకి నునుపు చేసుకునేవారు. అన్నిచోట్లా ఇదే పద్ధతా అంటే, కాదు. మన ఏటికొప్పాకలోనే వేరు. అక్కడ అంకుడు కర్ర లేతు మిషన్ మీద తిరుగుతుంటే లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి కరిగి లక్కే కర్రకి పట్టేస్తుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుపు. మక్కూ లేదు, సున్నమూ లేదు. అయితే గుండ్రంగా తిరిగే వస్తువుకే అది కుదురుతుంది. చేతులూ కాళ్లూ ఉన్న దశావతారాలకి మక్కు తప్పదు.

ఇళ్ల గోడల సంగతీ ఇంతే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు నీళ్లలో నానాయి. అలా నానిన గోడ లోపల ఆరకుండా, పండగ వస్తోందని లప్పం పెట్టించి రంగేస్తే పొక్కులెత్తక మానదు. పెయింటర్‌ని తిట్టుకుంటాం. తొందరపెట్టింది ఎవరు?

నా ఏనుగు విషయంలోనూ తప్పు సగం నాదే. రేటు తగ్గించమని పీకల మీద కూర్చుంటే పనివాడు రంగు తగ్గించలేడు, అది కనిపిస్తుంది. తగ్గించగలిగింది ఆరబెట్టే రోజుల్నీ, రుద్దే గంటల్నీ. ఇకమీదట కొనేటప్పుడు సెల్‌ఫోన్ లైటు పక్కవాటుగా వేసి చూడండి. ఎదురుగా వేస్తే కనపడని ఎత్తుపల్లాలు అప్పుడు కనిపిస్తాయి. మెడ, భుజం అతుకుల మీద వేలు పోనివ్వండి. గీత తగిలిందా, పక్కన పెట్టెయ్యండి. అన్నీ బాగుంటే మాత్రం బేరమాడకండి.

పాతదాన్ని బాగుచేసుకోవాలంటే నీళ్లతో కడగొద్దు. లేచిన పెచ్చులు గీకి, నీడలో కొన్నాళ్లు ఆరనివ్వాలి. చింతపిక్కలు వేయించి, పొట్టు తీసి, పొడి కొట్టి, నీళ్లలో ఉడికిస్తే జిగురొస్తుంది. దాంట్లో మెత్తటి రంపపు పొట్టు కలిపి పలచగా పట్టించాలి. ఒకేసారి మందంగా కుక్కితే పైన ఆరి లోపల పచ్చిగా ఉండి మళ్లీ పగులుతుంది. ఎండాక 120 నంబరు ఉప్పు కాగితం, తర్వాత 220. దుమ్ము పొడిగుడ్డతో తుడిచి, బంక కలిపిన సుద్ద రెండు పలచని పూతలు. మధ్యలో ఒకసారి 320తో తేలిగ్గా రుద్దాలి.

నేను అక్కడిదాకా వచ్చేసరికి భోగి వచ్చేసింది. రంగు వేసేస్తానంటే రెండో పూత ఇంకా చల్లగా తగులుతోందని పెద్దమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. తెల్ల ఏనుగునే కొలువులో నిలబెట్టాం. పేరంటానికొచ్చిన పక్కింటి పాప దాన్నే ముందు చూసి, ‘‘అమ్మా, ఐరావతం!’’ అంది.