వంగిన నడుము ప్రమాదము కాదా?



బోగీ పట్టాలు తప్పినచో విచారణ జరుగును. ఇరువదియేండ్లు బోగీ క్రింద వంగి పనిచేసిన కార్మికుని నడుము పడిపోయినచో విచారణ లేదు, వార్త లేదు. "వయస్సు మీద పడినది" అను ఒక్క మాటతో అధికారులు చేతులు దులుపుకొనుచున్నారు.

హౌరా దాటిన వెంటనే వచ్చు టికియాపారా కార్‌షెడ్డును చూడుడు. అది ఆగ్నేయ రైల్వే ఖరగ్‌పూర్ డివిజనులోనిది. ఖరగ్‌పూరు తెలుగు కుటుంబములకు ఆ డివిజను పరాయిది కాదు. వర్షాకాలమున అచట నీరు నిలిచి రైళ్లు ఆలస్యమైనవని పత్రికలు పలుమార్లు వ్రాసినవి. ఆ నీటిలో కంకర కానరాక అడుగు తప్పినవానిని గూర్చి వ్రాసినదెవరు?

షెడ్డు పని అనగా ఏమి? గుంటలోనికి దిగుట, మెడ వెనుకకు వాల్చి తలపైకి చేతులెత్తి బోల్టు బిగించుట, బ్రేకు బ్లాకును వంగి ఎత్తుట, పెట్టెపై నుండి కంకరమీదికి దిగుట. ఇందులో ఏ ఒక్కటియు సాహసము కాదు. నిత్యము, పదేపదే చేయుటయే గాయము. ఆర్.ఎం.ఎస్. సోదరుని భుజము, ముద్ర వేయువాని మణికట్టు చెప్పు కథయు ఇదియే.

"మోకాళ్లు వంచి, వెన్ను నిటారుగా నుంచి బరువెత్తుడు" అని గోడపత్రిక బోధించుచున్నది. గుంటలో మోకాలు వంచుటకు చోటేది? తప్పు చోటునది, నింద మనిషిది!

1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ పురుషుడు మోయదగిన బరువునకు 55 కిలోల హద్దు సూచించినది. కాని పదునైదు కిలోలను నూరుసార్లు ఎత్తువానికి ఆ హద్దు రక్షణ కాదు. అదే సంస్థ 2010 నాటి వృత్తివ్యాధుల పట్టికలో పదేపదే చేయు కదలికల వలన కలుగు కండరముల, కీళ్ల జబ్బులు ఉన్నవి. మన చట్టమో? 1923 నాటి పరిహార చట్టము "ప్రమాదము" అను మాటను పట్టుకొనినది. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన సామాజిక భద్రతా స్మృతియు ప్రమాదమునో, పట్టికలోని వ్యాధినో అడుగుచున్నది. మెల్లగా అరిగిన వెన్నునకు తేదీ ఎక్కడ నుండి తేవలెను?

కనుక మన కోర్కెలు స్పష్టము. నడుము, భుజము నొప్పిని నాడే గాయముల రిజిస్టరులో వ్రాయవలెను. గుంటలకు వెలుతురు, మురుగు కాలువలు, బరువులెత్తు సాధనములు కావలెను. ఖాళీలు నింపవలెను. జీతము కోయక తేలిక పని ఇయ్యవలెను.

సోదరులారా, ఓర్పు మంచి గుణమే. కాని నొప్పిని దాచినవాడు యాజమాన్యమునకు సాక్ష్యము చెప్పినవాడగును. డీకేటగరైజ్ చేయు దినము వరకు ఆగవలదు. నేడే కాగితముపై వ్రాసి ఇండు, నకలును యూనియనుకు అందజేయుడు!