ఎవరికోసం వెయిటింగమ్మా?

ఊరి నడిమధ్య ఒక పార్కు. పేరు చెప్పం. చెబితే వాచ్‌మన్ కొలువుకు ఎసరొస్తుంది, అతను చెడ్డవాడు కాడు. అస్ర్ నమాజుకూ మగ్రిబ్‌కూ నడుమ ఒక గంట మేం అక్కడ వేపచెట్టు కింది బెంచీ మీద కూర్చుని చదువుకుంటాం. పొద్దంతా ఉర్దూలోంచి తెలుగులోకి, తెలుగులోంచి ఉర్దూలోకి వార్తలు మోసి మోసి అలసిన కళ్ళకు మిగిలే గంట అదొక్కటే. పరీక్షకు కాదు, సమీక్ష రాయడానికి కాదు, సవాబు కోసం కూడా కాదు. ఊరికే చదువుకోవడం.

ఆ ఒక్క గంట మీద ఎంతమందికి హక్కుందో మాకు అక్కడ కూర్చున్నాకే తెలిసింది.

మొదటివాడు వాచ్‌మన్. "ఎవరికోసం వెయిటింగమ్మా?" అన్నాడు. ఎవరికోసమూ కాదంటే నమ్మలేదు. మూడోనాడు మళ్ళీ అడిగాడు. ఆడమనిషి ఒకచోట ఆగిందంటే ఏదో రావాలి: బస్సో, భర్తో, బడి వదిలిన బిడ్డో. ఏదీ రావాల్సిన పనిలేకుండా కూర్చున్న ఆడమనిషి అతని లెక్కల పుస్తకంలో లేదు.

రెండోవారు మా పెద్దాయన. తెల్లటి గడ్డం, చేతిలో తస్బీ. "ఘర్ మే కోయి నై క్యా బేటీ?" అన్నాడు, చాలా మర్యాదగా. ఇంట్లో ఎవరూ లేరా అని. "ఉన్నారు చాచా, అందుకే ఇక్కడికొచ్చాం" అన్నాం. నవ్వుతాడనుకున్నాం. నవ్వలేదు. మర్నాడు ఆయన దారి మార్చుకుని అవతలి వైపు నుంచి నడిచాడు.

మూడోవారు గుంపుగా నడిచే రిటైర్డ్ ఉద్యోగులు. ఒకాయన వంగి అట్ట చూసి "ఖురానా?" అన్నాడు. తెలుగు నవల చూపించాం. "అరె, మీకు తెలుగొచ్చే! మా వాళ్ళకంటే బాగా మాట్లాడుతున్నారే" అని మెచ్చుకున్నాడు. మా నాయనమ్మ నల్గొండ జిల్లా పల్లెలో పుట్టి, అక్కడే నాట్లేసి, అక్కడే మన్నయింది. ఆయన ఎక్కడివాడో మేం అడగలేదు. అడిగే హక్కు ఆయనకే ఉంది మరి.

నాలుగోవాడి సంగతే మాకు ఎక్కువ మండింది. సభల్లో మా పక్క కుర్చీలో కూర్చునే మిత్రుడు, లౌకికవాది, మా వ్యాసాలు చదివి ఫోన్ చేసేవాడు. ఆరోజు మాతోపాటు బుర్ఖా వేసుకున్న మరో ఆపా కూడా బెంచీ మీద ఉంది. ఫోన్ తీసి "అలాగే ఉండండి మేడమ్, నల్ల బుర్ఖా, చేతిలో పుస్తకం... మంచి కాంట్రాస్ట్" అన్నాడు. కాంట్రాస్టట! బుర్ఖాకు పుస్తకం ఎప్పుడు ఎదురైంది కామ్రేడ్? 2001 జనాభా లెక్కలు తీసి చూడండి, సచార్ కమిటీ 2006లో అచ్చేసింది కూడా. నాటి ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం అక్షరాస్యత 60.5 శాతం దగ్గర ఉంటే ముస్లింలది 68 శాతం. మేం చదువుకోలేదని ఏడ్చే వ్యాసాలు మాకే తెచ్చిచ్చి చదవమన్నారు గదా ఇన్నేళ్ళు. చదువు వచ్చినా కొలువు రాని కథ వేరే ఉంది, దాని గురించి వ్యాసం రాసేవాడు కనబడడు.

ఇక మా ఇంటివైపు తిరుగుదాం. మా దీన్‌లో దిగివచ్చిన మొదటి మాట ఇఖ్రా. చదువు అని. ఇది ప్రతి మీలాద్ జల్సాలో మైకు పగిలేలా చెబుతారు. ఖురాన్ తొలి సంకలన ప్రతి ఉమ్ముల్ మోమినీన్ హజ్రత్ హఫ్సా దగ్గర భద్రంగా ఉండేదనీ, ఆమెకు చదువు వచ్చనీ చెప్పేది కూడా మన పెద్దలే. మైకు ఆపాక మాత్రం, చదువు సరే, ఎక్కడ కూర్చుని అనే ప్రశ్న మొదలవుతుంది. ఎక్కడ, ఏది, ఎంతసేపు. మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ బెహిష్తీ జేవర్‌లో ఆడపిల్లలకు చదువు రావాల్సిందేనన్నాడు, ఆ మేరకు ఆయనకు మేం రుణపడి ఉన్నాం. అదే గ్రంథంలో ఆడవాళ్ళు చదవకూడని పుస్తకాల జాబితా కూడా ఇచ్చాడు. అందులో డిప్యూటీ నజీర్ అహ్మద్ నవలలున్నాయి! ఆడపిల్ల బుద్ధిగా ఇల్లు ఎలా దిద్దుకోవాలో నేర్పడానికి 1869లో రాసిన మిరాతుల్ ఉరూస్ కూడా దాటరాని గీత అవతల పడింది. మా అమ్మీ పెళ్ళిలో బెహిష్తీ జేవర్ ఇచ్చారు. ఆమె బియ్యం డబ్బాలో దాచుకున్నది మాత్రం అద్దె షాపు నుంచి తెప్పించుకున్న ఇబ్నె సఫీ డిటెక్టివ్ నవలలు. అబ్బా అడుగుల చప్పుడు వినగానే పుస్తకం బియ్యంలోకి పోయేది. మా పుస్తకాల్లో ఇప్పటికీ బియ్యపు పురుగుల వాసన వస్తుంది అంటే నమ్మండి.

రషీద్ జహాఁ కథ ఒకటుంది, 'దిల్లీ కీ సైర్'. 1932లో అంగారే సంకలనంలో వచ్చింది, మరుసటేడే బ్రిటిష్ ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. అందులో ఒక మొగుడు పెళ్ళాన్ని దిల్లీ చూపిస్తానని తీసుకెళ్ళి, స్టేషన్లో సామాన్ల మీద కూర్చోబెట్టి, దోస్తు దొరికితే వాడితో వెళ్ళిపోతాడు. బుర్ఖాలో ఆమె, చుట్టూ చూపులు. ఆమె చూసిన దిల్లీ అంతే. ఇన్ని దశాబ్దాల తర్వాత మా బెంచీకీ ఆ సామాన్ల మూటకూ తేడా ఒక్కటే: మమ్మల్ని ఎవరూ కూర్చోబెట్టి పోలేదు, మేమే వచ్చి కూర్చున్నాం. చూపులవే.

అంతకు ముందే, 1905లో, బేగం రోకియా 'సుల్తానాస్ డ్రీమ్' రాసింది. మగవాళ్ళంతా ఇళ్ళల్లో పర్దాలో ఉంటే ఆడవాళ్ళు పట్టపగలు తోటల్లో తిరిగే దేశం. కలలో కూడా ఆ కథ చెప్పే ఆమెకు వీధిలో నడవడానికి సిగ్గేస్తుంది, దారినపోయేవాళ్ళు ఏమనుకుంటున్నారో అని అడుగుతుంది. మగవాళ్ళలా బిడియపడుతున్నావంటున్నారు అని జవాబు. ఆ కథను అచ్చేసిన మద్రాసు పత్రిక సంపాదకురాలు కమలా సత్యనాథన్ మన రాజమండ్రిలో పుట్టిన క్రైస్తవ స్త్రీ. బెంగాలీ ముస్లిం రాసింది, తెలుగు క్రైస్తవురాలు అచ్చేసింది. తెలుగు సాహిత్య చరిత్రలు రాసేవారు ఈ ముక్కను ఎక్కడ పారేసుకున్నారో.

మగవాళ్ళ కూర్చోవడం గురించి చెప్పనే లేదు. ఇరానీ హోటల్లో ఒక్క చాయ్ మీద రెండు గంటలు అఖ్బార్ చదివే అన్నను ఎవరికోసం వెయిటింగని అడిగినవాడు లేడు. చబూత్రాల మీద అర్ధరాత్రి దాకా మన కుర్రాళ్ళే. అక్కడా ఒక మెలిక ఉంది, దాచం. పాతబస్తీలో పోలీసులు మిషన్ చబూత్రా అని పేరు పెట్టి రాత్రిపూట అరుగుల మీది పిల్లల్ని స్టేషన్లకు తీసుకెళ్ళి కౌన్సెలింగ్ ఇప్పించారు. ఊరికే కూర్చోవడం తురక పిల్లగాడికి సర్కారు దృష్టిలో తప్పు. అదే తురక పిల్లకు సర్కారు, మొహల్లా, వాచ్‌మన్, మిత్రుడు, అందరి దృష్టిలోనూ తప్పు.

మాతో ఆ బెంచీ మీద ఇంకో పిల్ల కూర్చునేది. డిగ్రీ రెండో సంవత్సరం. రెండు గదుల ఇల్లు, ఏడుగురు మనుషులు, ఒక టీవీ, ఒక కుట్టు మిషను. "ఇంట్లో చదువుకోవచ్చు గదా" అనే పెద్దమనుషులు ఆ మిషను పక్కన ఒక పేజీ చదివి చూపించాలి. ఆ పిల్లకు మేం ఒక నవల ఇచ్చాం. పదిరోజులు వచ్చింది. పదకొండోనాడు ఎవడో ఫోన్లో ఫోటో తీశాడు. ఫోటోలో ఆ పిల్ల, చేతిలో పుస్తకం, మూడు గజాల అవతల ఇంకో బెంచీ మీద ముక్కూ మొహం తెలియని ఒక మగాడు. మొహల్లా వాట్సాప్‌లో ఆ మూడు గజాలు మాయమైపోయాయి. పుస్తకం ఎవరికీ కనబడలేదు. వారం తర్వాత పిల్ల తమ్ముడు వచ్చి నవల తిరిగిచ్చి, మా మొహం చూడకుండా వెళ్ళిపోయాడు. నూటపన్నెండో పేజీ దగ్గర మూల మడిచి ఉంది.

ఇది రాస్తున్నామని తెలిసి మావాళ్ళే కొందరన్నారు: ఇప్పుడా ఈ మాటలు? ఇళ్ళ మీదికి బుల్డోజర్లు వస్తుంటే ఇంటిగుట్టు బయటపెడతారా, శత్రువు చేతికి కత్తి ఇస్తారా? భాయ్ సాబ్, 2022లో కర్ణాటకలో కాలేజీ గేట్లు మూసి, స్కార్ఫు కావాలో చదువు కావాలో తేల్చుకోమన్నప్పుడు మీతోపాటు మేమూ రోడ్డెక్కాం. మార్చి 15న హైకోర్టు సర్కారు ఉత్తర్వును నిలబెట్టినప్పుడు మీకంటే మాకు ఎక్కువ నొప్పేసింది. అక్టోబర్ 13న సుప్రీం కోర్టు ఇద్దరు జడ్జీలు చెరో తీర్పు ఇచ్చారు, ఆ పిల్లల చదువు నడుమ పోయింది. ఆడపిల్లకు చదువుకునే హక్కుంది అని ఆరోజు ప్లకార్డు పట్టుకున్న చేతులే కదా మీవి? ఆ ఫోటోను ముందుకు పంపింది ఏ చేతులు? గేటు లోపలివైపు నుంచి మూసినా గడియ గడియే. కత్తి ఇస్తున్నామని మమ్మల్నంటారు, కత్తి పదును పెట్టి గుమ్మంలో పెట్టింది ఎవరు?

భద్రత కోసమంటారు మరికొందరు. మంచిది. భద్రత కావాలంటే దీపాలు వేయించండి. అక్కడున్న మూడు స్తంభాల్లో ఒకటే వెలుగుతుంది. మగ్రిబ్ తర్వాత మసీదు సహన్‌లో నలుగురు ఆడపిల్లలు పుస్తకం తెచ్చుకుని కూర్చునే చోటు చూపించండి, పార్కుకు రామని రాసిస్తాం. చూపించరు. ఫోటో తీసినవాణ్ని పిలిచి అడగండి. ఆ పనీ జరగలేదు, పిల్లనే పిలిచి అడిగారు.

లౌకిక మిత్రులకు కూడా ఒక పని ఉంది. మా మీద వ్యాసం వద్దు, ఫోటో వద్దు. మీ భార్యల్నీ చెల్లెళ్ళనీ అడగండి, వాళ్ళు చివరిసారి ఏ పనీ లేకుండా ఆరుబయట ఎప్పుడు కూర్చున్నారో. ముంబయి మీద ముగ్గురు స్త్రీలు కలిసి రాసిన వై లాయిటర్ 2011లో వచ్చింది, అందులో ఉన్నదీ ఈ గోడే: చేతిలో పని ఉన్నట్టు కనిపిస్తేనే ఏ మతపు ఆడదానికైనా వీధిలో చోటు. పని ఉన్నట్టు నటించడం మేమూ చేశాం. కొన్నాళ్ళు పుస్తకం మీద కూరగాయల సంచి పెట్టుకుని కూర్చున్నాం. ఎవరూ ఏమీ అడగలేదు. తర్వాత సిగ్గేసి సంచి మానేశాం.

పార్కులో ఆడవాళ్ళ మరుగుదొడ్డికి తాళం ఉంటుంది. అందుకే గంట కంటే ఎక్కువ కూర్చోలేం, ఆ సంగతి ఇంతవరకు ఏ ఫత్వాలోనూ ఏ సంపాదకీయంలోనూ చదవలేదు. తాళం చెవి కోసం మూడుసార్లు అర్జీ పెట్టాం, ఒకటి తెలుగులో, రెండు ఉర్దూలో. మొన్న వాచ్‌మన్ ఎవరికోసమని అడగలేదు. "ఆ చిన్నమ్మాయి రావట్లేదేంటమ్మా?" అన్నాడు. ఏం చెప్పాలో తోచక నూటపన్నెండో పేజీ చూపించాం.