గాలానికీ ఓ వంతుంది

వీకెండు గాలం పట్టుకుని కందకుర్తికో, నిజాంసాగర్‌కో, శ్రీరాంసాగర్‌కో బయల్దేరే సాఫ్ట్‌వేర్ మిత్రులకి ఒక మాట. ఆఫీసు క్యాంటీన్లో బుద్ధిగా క్యూలో నిలబడే మనం, నీళ్ళ ఒడ్డున మాత్రం పక్కవాడి దారం మీదుగా మన దారం విసిరేస్తాం. ఎందుకలా?

అమెరికా పడమటి తీరపు నదుల్లో స్టీల్‌హెడ్ అని ఒక చేప. మన పులసలాగే గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి నదిలోకి ఎదురీదుతుంది. దానికి గాలమేసేవాళ్ళ పద్ధతి ఏంటంటే, కొత్తగా వచ్చినవాడు అందరికన్నా ఎగువన దిగాలి. ఒకసారి విసిరాక ఒకట్రెండు అడుగులు దిగువకి జరగాలి. ముందున్నవాడిని దాటి కిందకి దూరకూడదు. అలా మంచి మడుగు అందరికీ దక్కుతుందన్నమాట.

ఇదేమంత కొత్త విషయం కాదు. 1931లో పూర్తయిన నిజాంసాగర్ కాలువల కింద చెరకు, వరి పండించిన బోధన్ రైతుకి వంతంటే ఏంటో బాగా తెలుసు. పైవాడు నీళ్ళు వదలకపోతే చివరి పొలం ఎండుతుంది.

కాకపోతే మన దగ్గర ఇంకో సంగతుంది. ఇక్కడ నీళ్ళలో వలలు కూడా ఉంటాయి. గంగపుత్రులకీ, ముదిరాజులకీ అది జీవనాధారం. మన గాలం తగులుకుని వల చిరిగితే, మనకి పోయేది ఒక కొక్కెం, వాళ్ళకి పోయేది ఆ రోజు కూలి. అందుకే "అన్నా, నీ వల ఏడిదాకుంది?" అని అడిగాకే దారం విప్పాలంటాను. జాగా లేదంటే ఇంకో చోటు చూసుకుందాం. మనం రోజంతా ఖాళీగా తిరిగొచ్చినా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది కదా.

మీరేమంటారు?