సంతకం ఎవరిది?

'సాహసోపేతమైన చిత్రం' అనే మాట మన సభల్లో మరీ చవకైపోయింది. పెళ్ళికాని అమ్మాయికి నెల తప్పిందని తెర మీద చూపిస్తే చాలు, సాహసం అంటున్నారు. ఈ మధ్య మా హోసూరులో జరిగిన లఘుచిత్రాల పోటీలో మొదటి బహుమతి అలాంటి 20 నిమిషాల చిత్రానికే వచ్చింది. అంతటితో ఆగితే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు. దాన్ని ఆడపిల్లల హాస్టళ్ళలో 'అవగాహన' కోసం వేసి చూపించాలని కూడా నిర్ణయించారు. నా అభ్యంతరం అక్కడ. చిత్రం పేరూ, తీసినవాళ్ళ పేర్లూ రాయను. వాళ్ళు చిన్నవాళ్ళు, రేపు ఇంతకన్నా మంచివి తీస్తారు. నా పేచీ బహుమతి ఇచ్చిన పెద్దలతో.

కథ క్లుప్తంగా ఇది. సిప్‌కాట్‌లో ఒక కంపెనీలో పనిచేసే 23 ఏళ్ళ అమ్మాయి. అక్కడే పనిచేసే అబ్బాయితో ప్రేమ. రెండో నెల అని తెలిసి ఒక్కతే ఆసుపత్రికి వెళుతుంది. "ఆయన్ని తీసుకురా, సంతకం కావాలి" అంటుంది డాక్టరమ్మ. అబ్బాయి ఫోను ఎత్తడు. కంపెనీ గేటు దగ్గరా, అతని గది దగ్గరా, బస్టాండులోనూ అమ్మాయి వెతుకుతుంది. అక్కడ అబ్బాయి చనిపోయిన తల్లి ఫొటో ముందు నిలబడి మనసు మార్చుకుంటాడు. పరుగున వచ్చి సంతకం పెడతాడు. కలం పాళీ తెర నిండా కనిపిస్తుంది, వెనక వీణ మోగుతుంది. ఆపరేషన్ థియేటర్ మీద ఎర్రదీపం వెలుగుతుంది. సమాప్తం.

నేను కామర్సు చదివినవాణ్ణి, సాహిత్య విమర్శ పరిభాష నాకు అంతగా రాదు. కానీ ఖాతా ఎవరి పేరున ఉందో, డబ్బు ఎవరు తీసుకుంటున్నారో చూడటం నా ఉద్యోగం. ఈ చిత్రంలో ఖాతా ఆమెది, తీసుకున్నది అతను. ఆసుపత్రి దృశ్యం దాకా కెమెరా ఆమెతో ఉంటుంది. ఆ తరువాత అతని నిద్రలేమి, అతని పశ్చాత్తాపం, అతని కన్నీళ్ళు. ఎర్రదీపం వెలిగాక కూడా మనం వరండాలో అతని పక్కనే నిలబడతాం. లోపల ఆమె ఏమనుకుంటోందో తెలియదు. అసలు ఆమెకు బిడ్డ కావాలా, వద్దా? ఈ ప్రశ్న తల్లి అడగదు, డాక్టరు అడగదు, చివరకు చిత్రం కూడా అడగదు. 'అతను వస్తాడా, రాడా' అన్నదొక్కటే ఉత్కంఠ. ఆడదాని కష్టం వస్తువుగా తీసుకుని మగవాడి మంచితనం కథగా చెప్పడం మన సినిమాలకు పాత అలవాటే. ఇందులో సాహసం ఎక్కడుంది?

ఇక ఆ సంతకం సంగతి. కథంతా దాని మీదే నిలబడింది. మన దేశంలో గర్భస్రావ చట్టం 1971లో వచ్చింది, 1972 నుంచి అమలులో ఉంది. ఆనాటి నుంచీ 18 నిండిన స్త్రీ విషయంలో ఆ చట్టం అడిగేది ఆమె సమ్మతి ఒక్కటే. భర్త, ప్రియుడు, తండ్రి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మైనర్లకూ, మానసిక అనారోగ్యం ఉన్నవారికీ మాత్రం సంరక్షకుల రాతపూర్వక అనుమతి ఉండాలి. 2021 సవరణ తరువాత 20 వారాల దాకా ఒక వైద్యుని అభిప్రాయం చాలు. అంతకుముందు గర్భనిరోధకం విఫలమైన సందర్భంలో 'వివాహిత, ఆమె భర్త' అని ఉన్నచోట 'ఏ స్త్రీ అయినా, ఆమె భాగస్వామి' అని మార్చారు. మరి ఈ చిత్రం ఏ చట్టాన్ని చూసి తీశారు? రెండో నెలకు థియేటరూ, ఎర్రదీపమూ కూడా కథ కోసం తెచ్చిపెట్టినవే. 9 వారాల లోపైతే డాక్టరు పర్యవేక్షణలో మాత్రలతోనే జరపవచ్చు.

మా బ్యాంకులో 23 ఏళ్ళ అమ్మాయి తన ఖాతాలోంచి డబ్బు తీసుకోవడానికి వస్తే, "మీ ఆయన్ని తీసుకురా" అనే గుమస్తా మీద ఫిర్యాదు వస్తుంది. రావాలి కూడా. తన డబ్బుకు చాలిన సంతకం తన ఒంటికి చాలదా?

"ఆసుపత్రుల్లో నిజంగానే అడుగుతున్నారు కదా, ఉన్నదే చూపించారు" అని ఒక న్యాయనిర్ణేత నాతో అన్నారు. అడిగేవాళ్ళు ఉన్నారు, కాదనను. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో జస్టిస్ చంద్రచూడ్ ఈ సంగతే ప్రస్తావించారు. కుటుంబం అనుమతి తెమ్మని వైద్యులు పట్టుబట్టడానికి చట్టంలో ఆధారం లేదన్నారు. 20 నుంచి 24 వారాల మధ్య కొన్ని వర్గాల స్త్రీలకు ఇచ్చిన వెసులుబాటు పెళ్ళికానివారికీ వర్తిస్తుందని చెప్పిన తీర్పు కూడా అదే. కాబట్టి డాక్టరమ్మ అడగడం తప్పని చిత్రానికి తెలిసి ఉండాలి. ఇక్కడ చిత్రం కూడా డాక్టరమ్మతో ఏకీభవించింది. ఆ తప్పును పుణ్యంగా మార్చి అబ్బాయి చేతిలో పెట్టింది.

"కళ చట్టాల పుస్తకం కాదు" అన్నారు ఇంకొకరు. ఒప్పుకుంటాను. అందుకే ఒక సినిమా గురించి చెబుతాను. రుమేనియా దర్శకుడు క్రిస్టియన్ ముంజియు తీసిన '4 నెలలు, 3 వారాలు, 2 రోజులు' 2007లో కాన్ చిత్రోత్సవంలో పామ్ డోర్ గెలిచింది. కథాకాలం 1987. అక్కడ చెవుషెస్కు ప్రభుత్వం 1966లో గర్భస్రావాన్ని దాదాపుగా నిషేధించింది. 1989 డిసెంబరులో ఆ ప్రభుత్వం కూలాకే ఆ శాసనం పోయింది. హాస్టల్లో ఉండే గాబిత, ఆమె స్నేహితురాలు ఒటిలియా దొంగచాటుగా ఒక మనిషిని హోటలు గదికి పిలిపిస్తారు. డబ్బు చాలదు. వాళ్ళ నిస్సహాయతను అతను నీచంగా వాడుకుంటాడు. గాబిత ఆదర్శ పాత్రేమీ కాదు, నెలలు తగ్గించి అబద్ధం చెబుతుంది. అయినా సినిమా ఆమెను శిక్షించదు, ఎవరినీ ఉద్ధారకుణ్ణి చేయదు. మధ్యలో ఒటిలియా తన ప్రియుడి తల్లి పుట్టినరోజు విందుకు వెళ్ళాల్సి వస్తుంది. పెద్దలు తిండి గురించీ చదువుల గురించీ కబుర్లాడుతుంటారు. కెమెరా కదలదు. మధ్యలో ఒటిలియా ముఖం. ఆమె మనసూ మన మనసూ హోటలు గదిలో ఉంటాయి. మన చిత్రం అబ్బాయి కన్నీళ్ళకు ఇచ్చిన నిమిషాలు ముంజియు ఆ అమ్మాయి మౌనానికి ఇచ్చాడు. వీణ మోగించలేదు. అక్కడ చట్టమే గోడై నిలబడింది. ఇక్కడ చట్టం ఏనాడో తీసేసిన గోడను మనవాళ్ళు వీణానాదంతో మళ్ళీ కట్టారు.

మనకు సంబంధించినది ఇంకొకటుంది. ఈ చిత్రంలో డాక్టరు, నర్సు, వాచ్‌మన్ అందరూ సినిమా తెలుగు మాట్లాడతారు. హోసూరులో అలాంటి ఆసుపత్రి ఎక్కడుంది? ఇక్కడ డాక్టరు తమిళం, నర్సు కన్నడం, పక్క బెంచీ మీద కూర్చున్నామె మాత్రం మన దూరపు బంధువు. చిన్న సమాజంలో మనల్ని భయపెట్టేది ఆ బంధువే. మన అమ్మాయి అయితే తెలుగు తెలిసిన డాక్టరును వెతుక్కోదు, తెలుగు తెలియని డాక్టరు కోసం 40 కిలోమీటర్లు బస్సెక్కి బెంగళూరు పోతుంది. తన ఒంటి సంగతి తనది కాని భాషలో చెప్పుకుంటుంది. పేరు బయటపెట్టకూడదని 2021 సవరణ వైద్యులకు చెప్పింది, కానీ ఆ సంగతి ఆమెకు ఎవరు చెప్పాలి? మన మధ్య నుంచి వచ్చే చిత్రం చెప్పాలి. సరిహద్దు తెలుగువాళ్ళ బతుకు మనం తీయకపోతే హైదరాబాదు వాళ్ళు తీస్తారా?

ఇదంతా అభిరుచి భేదం అని కొట్టిపారేయవద్దు. హాస్టల్లో ఈ చిత్రం చూసిన పిల్లకు రేపు ఆ అవసరమే వస్తే ఏం చేస్తుంది? డాక్టరు దగ్గరకు పోదు, ముందు అబ్బాయి కోసం వెతుకుతుంది. సినిమాలో వెతుకులాట 8 నిమిషాలు. బతుకులో అది 8 వారాలు కావచ్చు. మాత్రలతో పోయేది ఆపరేషన్ దాకా వస్తుంది. వారం దాటినకొద్దీ దారులు మూసుకుపోతాయి. అతను ఎప్పటికీ రాకపోతే?

బహుమతి వెనక్కి తీసుకోమని నేను అడగను. హాస్టళ్ళ ప్రదర్శనలు మాత్రం ఆపమంటున్నాను. ఆ కుర్రవాళ్ళను పిలిచి, సంతకం ఆమెదొక్కటే చాలని చెప్పి, కథ మళ్ళీ రాయమనండి. అబ్బాయి పరుగు పోతుంది, వీణ పోతుంది. ఆ అమ్మాయి ఏం నిర్ణయించుకుంటుందన్నది మిగులుతుంది. అది తీయడం కష్టం. తీసి హాస్టళ్ళలో వేస్తే, ప్రొజెక్టరు అద్దె నేనిస్తాను. సంఘం పెద్దలు నా మాట తప్పనుకుంటే ఈ పత్రికలోనే సమాధానం రాయవలసిందిగా కోరుతున్నాను.