కరెంటు కారు ఎవరి వాకిట్లో?

కరెంటు కార్లు చవకైనయని అంటున్నరు. ఎవరికి చవక? పేపర్లల్లో వచ్చే పోలికలన్నీ గేటు, కాంపౌండు గోడ, కారు నిలిపే జాగా ఉన్నోని కోసం రాసినవే. ధర్పల్లి వాడల్లో కారు కొనాలనుకునే పిల్లగాడు, గల్ఫ్ నుంచి నాలుగు పైసలు తెచ్చుకున్నోడు వేరే లెక్క వెయ్యాలె. 2021లో దళితబంధు పది లక్షలు వచ్చినప్పుడు హుజూరాబాద్ దిక్కు చానమంది కారే తీసుకున్నరు. మనకు కారు సోకు కాదు, ఒకరి ముందర చేతులు కట్టుకోకుండ బతికే దారి. అందుకే బేరంల మోసపోవద్దు.

నిజామాబాద్ పోయి రావాలె. రానుపోను 60 కిలోమీటర్లు అనుకుందాం. ఇరవై ఆరు దినాలు తిప్పితే నెలకు 1,560.

టాటా టియాగో కరెంటు బండి 2022లో వచ్చింది. చిన్న బ్యాటరీకి 250 కిలోమీటర్లు, పెద్దదానికి 315 అని అప్పుడు కంపెనీ కాయితం మీద రాసింది. ఏసీ వేసి నలుగురిని ఎక్కిస్తే చిన్నది 150 వస్తే మంచిదే. దినం అరవైకి అది చాలు. హైదరాబాద్ ఆశతో పెద్దది కొని అప్పు పెంచుకోవద్దు. 2023లో వచ్చిన ఎంజీ కామెట్ ముద్దుగుంటది గని రెండే తలుపులు, డిక్కీ లేనట్టే. ముసలవ్వను దవాఖానకు తీస్కపోవాలంటే ముందు సీటు వంచి వెనక్కి దూర్చాలె. పట్నంల ఒక్కడు ఆఫీసుకు పోను బాగుంటదేమో. పంచ్ ఎత్తుంటది, మన గతుకులకు ఆగుతది, కాని 2024లో వచ్చిన్నాడే పదకొండు లక్షలు.

2024లోనే కామెట్ మీద ఇంకో బేరం పెట్టిండ్రు. అయిదు లక్షలకు కారు నీది, బ్యాటరీ కిరాయిది, కిలోమీటరుకు రెండున్నర. ఇది మనకు తెల్వని కథనా? చాకిరి నీది, భూమి దొరది అన్న కౌలే గదా! మన తిరుగుడుకు నెలకు 3,900 రూపాయల కౌలు.

పెట్రోలు కారు లీటరుకు 18 ఇచ్చినా నెలకు 87 లీటర్లు, తొమ్మిది వేలు దాటుతది. కరెంటు కారు అదే దూరానికి 220 యూనిట్ల దాకా తాగుతది. అసలు మెలిక ఇక్కడున్నది. 2024 మార్చిల మొదలైన గృహజ్యోతిల 200 యూనిట్ల లోపు వాడే తెల్లకార్డు ఇంటికే జీరో బిల్లు. కారు ఒక్కటే ఆ గీత దాటిస్తది. దాటితే పై యూనిట్లకే కాదు, మొత్తానికి కట్టాలె. ఇంటి వాడకం కలిపి 300 యూనిట్లయితే 1,800 దగ్గర. షోరూం సేటు ఈ ముచ్చట చెప్పడు. అయినా నెలకు ఏడు వేలు మిగులుతయి, కాదనను.

కాని ధరల తేడా ఉన్నది. 2025 సెప్టెంబరు 22న చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18కి దిగి, పెట్రోలు టియాగో అయిదు లక్షల లోపుకు వచ్చింది. కరెంటుది ఎనిమిది దగ్గర. మూడు లక్షల తేడా తీరాలంటే మూడున్నరేండ్లు దినం తిప్పాలె. ఫైనాన్సు మిత్తి వేరే. ఆదివారం ఆదివారం తీసేటోనికి ఎన్నటికీ తీరదు. రోడ్డు టాక్సు మాఫీ 2024 నవంబరు జీవో ప్రకారం 2026 డిసెంబరు 31 దాకనే. కిరాయికి నడిపేటోడు ఇంకోటి యాదిల పెట్టుకోవాలె: 2023 డిసెంబరు నుంచి ఆడోళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీ, ఆటోవాలల గిరాకీ ఏమైందో అడుగుండ్రి. పసుపు బోర్డుకు బ్యాటరీ వారంటీ ఎంతో కాయితం మీద రాయించుకోండ్రి.

ఇగ చార్జింగు. 15 ఆంపుల ప్లగ్గు, గట్టి ఎర్తింగు, రాత్రంత టైము కావాలె. వాడల రెండర్రల ఇండ్లు, గల్లీలకు కారే రాదు. కిటికీలకెల్లి వైరు గుంజితే వానకాలం ఏమైతదో చెప్పాల్నా? చార్జింగు పాయింటు ఊరి నడిమిట్ల పెద్దల ఇండ్ల పక్కన కాదు, వాడ కమ్యూనిటీ హాలు కాడ వేరే మీటరుతోని పెట్టాలని గ్రామసభల తీర్మానం రాయించాలె. అది కాంది కారు కొన్నోడు వైరు పట్టుకొని ఎవరి గేటు ముందర నిలబడాల్నో ఇప్పుడే ఆలోచించుకోవాలె.