గుర్తింపు పొందిన పక్షపాతం

“యూనియన్ల ఉన్నోళ్లకే పర్మినెంటు సార్. నా పేరు యూనియన్ బుక్కుల లేదు, కాంట్రాక్టరు బుక్కుల ఉన్నది.” ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరుని గుడి దగ్గర నా పూర్వ విద్యార్థి అన్న మాట ఇది. జహీరాబాదు పక్కన ఒక కర్మాగారంలో ఆరేండ్లుగా పని చేస్తున్నాడు.

ఈ మాట చెప్పగానే న్యాయశాస్త్రం చదివిన మిత్రులొకరు నన్ను మందలించారు. యజమాని ఒక సంఘం సభ్యులకు పక్షపాతం చూపరాదని చట్టంలో ఉన్నది గదా అన్నారు. ఉన్నది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టానికి 1982 సవరణ చేర్చిన అయిదవ షెడ్యూలులో ఉండేది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడు రెండవ షెడ్యూలులోను ఉన్నది. మిత్రులు వాక్యం చివరిదాకా చదవలేదు, అంతే. ఆ సంఘం గుర్తింపు లేనిదైతేనే అది తప్పు! గుర్తింపు పొందిన సంఘం సభ్యులకు యజమాని చేసే మేలును ఆ నిషేధం తాకనే తాకదు. అర్హత లేని ప్రమోషన్లను వేరొక అంశం తప్పంటుంది, నిజమే. కాని కార్మికులలో చిచ్చు పెట్టడానికో, సంఘబలం తీయడానికో ఇచ్చాడని రుజువు చేయాలి. తన ఉద్దేశాన్ని ఏ యజమాని రిజిస్టరులో రాసిపెడతాడు?

ఇక గుర్తింపు ఎవరికి? సంఘాలు అనేకం ఉన్నచోట, మస్టరు రోలులోని కార్మికులలో నూటికి 51 మంది మద్దతు ఉన్నదానికి. ఆ రోలు సంస్థది. కాంట్రాక్టరు కూలీ పేరు అందులో ఉండదు.

సంఘ సభ్యునికి ముందుపీట వేయడమే పాపమని నేననను. సభ్యులనే పనిలోకి తీసుకోవాలన్న ఒప్పందాలను అమెరికా కార్మికులు పోరాడి సాధించుకున్నారు. 1947లో టాఫ్ట్-హార్ట్లీ చట్టం వాటిని నిషేధించింది. మా దగ్గరిది పోరాడి గెలిచిన పీట కాదు, యజమాని దయతో వేసిన పీట. దానినే విజయమని చెప్పుకునే నాయకులను చూస్తే నాకు కోపం కంటె సిగ్గు ఎక్కువ కలుగుతుంది. వారిలో నా మిత్రులూ ఉన్నారు.

ఝరాసంగం, న్యాల్‌కల్ మండలాలలో నిమ్జ్ పారిశ్రామిక మండలానికి 12,635 ఎకరాలు తలపెట్టారు. భూములిచ్చిన ఇండ్ల పిల్లలు రేపు ఆ గేట్ల ముందు నిలబడతారు. వారిని సంఘం ఏ పుస్తకంలో రాసుకుంటుంది? నా విద్యార్థి చందా పట్టుకొని ఆఫీసుకు పోయాడట.

“ముందుగాల పర్మినెంటు అయి రమ్మన్నరు సార్.”